మెడ కింద చెయ్యి

1958 శివరాత్రి వెళ్లిన మరునాడు, మంచిర్యాలలో డాక్టరమ్మ నా భార్యను చూసి అయిదు నెలలు నిండాయని చెప్పింది. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు. శంకరవ్వకు ముప్పై తొమ్మిది. మా పెళ్లయి ఇరవై నాలుగేళ్లు. అంతకుముందు మాకు కాన్పు లేదు.

మేము ఆ పని మీద వెళ్లలేదు. కడుపులో గడ్డ ఏదో పెరుగుతోందని శంకరవ్వ అనుమానం. నెలసరి ఆగి చాలా రోజులైంది. వయసు వచ్చింది కనుక ఆగిపోయిందనుకుంది. మా లైనులో ఆడవాళ్లు కూడా అదే అన్నారు. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "గడ్డకు కాళ్లూ చేతులూ ఉన్నాయమ్మా" అంది. శంకరవ్వ నా వైపు చూడలేదు. గోడకున్న క్యాలెండర్ వైపు చూసింది.

తిరుగు బండిలో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఒక స్టేషన్ దాటాక మాట్లాడింది.

"ఎవలకు చెప్పకు."

"ఎన్ని రోజులు దాస్తం?"

"కొంగు కప్పుకున్నన్ని రోజులు."

మరో స్టేషన్ దాటింది.

"ఇగ నువ్వు గడ్డం గీయొద్దు. తలెంట్రుకలు గూడ కొట్టియ్యద్దు. కాన్పయ్యేదాక."

"ఎందుకు?"

"కడుపుతోని ఉన్నదాని మొగడు గీయించుకోవద్దు. పామును సంపద్దు. పీనుగను ముట్టద్దు, పాడె పట్టద్దు. పట్టితె కడుపుల పిల్లకు తగులుతది."

"ఇవన్నీ నీకెవరు చెప్పిండ్రు?"

"మా అక్క కడుపుతోని ఉన్నప్పుడు మా అవ్వ మా బావకు చెప్పింది. పక్కన కూసోని విన్న. ఎన్నడన్న నాకు అక్కరకొస్తదని యాద్ పెట్టుకున్న."

వాళ్లక్క పెద్దకొడుకుకు ఆ ఏడాదే పెళ్లయింది. నేను సరేనన్నాను.

నేను బొగ్గుబాయిలో సర్దార్‌ని. షిఫ్టు మొదలయ్యే ముందు దీపం పట్టుకుని లోపలికి దిగి గాలిలో విషవాయువు ఉందేమో చూడాలి. చేతికర్రతో బాయి పైకప్పును కొట్టి చప్పుడు వినాలి. గట్టిగా పలికితే కింద మనుషులను పని చేయనివ్వాలి, డొల్లగా పలికితే ఆపాలి. మా బాయిని బూరుగు బాయి అనేవారు. నిట్టనిలువు గొయ్యి కాదు. ఏటవాలుగా నడిచి దిగేది. పనివాళ్ల ఇళ్లు వరసలుగా ఉండేవి. ఒక్కో వరసను లైను అనేవాళ్లం.

ఆదివారాలు మంగలి నాగయ్య నీళ్ల ట్యాంకు పక్కన కూర్చునేవాడు. సర్దార్‌ని కనుక మొదటి వంతు నాకే వచ్చేది. ఆ తర్వాత రెండో ఆదివారం కూడా నేను అటు నుంచి ఇంటికి నడుస్తుంటే పిలిచాడు.

"సర్దార్ సాబ్, కత్తి నూరి పెట్టిన."

"ఇయ్యాల వద్దు."

"పోయిన ఐతారం గూడ ఇయ్యాల వద్దన్నవు."

"మొక్కున్నది."

"ఏ దేవునికి?"

"ఏములాడ రాజన్నకు."

నాగయ్య ముందు కూర్చున్న కొమురెల్లి సగం గీసిన మొహంతో నా వైపు తిరిగాడు. అతను నా షిఫ్టులో బొగ్గు నింపేవాడు. నోటికి అడ్డు లేని మనిషి.

"రాజన్న మొక్కా? ఎప్పుడు తీరుతది సర్దార్?"

"మిరుగం కార్తె నాటికి."

కొమురెల్లి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"అచ్చా. మా ఇంట్ల గూడ గసొంటి మొక్కులు నాలుగు తీరినయి. ఇప్పుడు బడికి పోతున్నయి" అని నాగయ్య కత్తి కిందికి మొహం పెట్టాడు.

ట్యాంకు దగ్గరున్న వాళ్లందరూ నవ్వారు. నాగయ్య నవ్వు ఆపుకోలేక కత్తి పక్కన పెట్టాడు. సాయంత్రానికి లైనంతా తెలిసింది.

"నువ్వు చెప్పినవా?" అని శంకరవ్వ అడిగింది.

"నా గడ్డం చెప్పింది."

ఆమె కొంగు కప్పుకోవడం మానేసింది.

అంతయ్య ఆ సాయంత్రమే వచ్చాడు. అతను టింబర్ మేస్త్రి. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. కప్పు ఎక్కడ బలం తగ్గిందో నేను చెప్పాలి, అక్కడ దుంగ అతను పెట్టాలి. అతనిది చొప్పదండి, శంకరవ్వ ఊరు. ఆమెను అక్కా అనేవాడు. నన్ను బాయిలో సర్దార్ అనీ, పైన బావా అనీ పిలిచేవాడు. అతనికి ఆరుగురు పిల్లలు. భార్య లింగవ్వ.

గడపలో నిలబడి నా గడ్డాన్ని చూశాడు.

"జెర ముందుగాల మొదలుపెట్టేదుండె బావా. నడుమ తెల్లగొచ్చింది."

"లోపలికి రా."

"అక్కా, మేనమామను నేను. నాకు చెప్పకుంట ఆ కొమురెల్లిగానికి తెలుస్తదా?"

శంకరవ్వ పొయ్యి దగ్గర నుంచి, "సిగ్గైంది తమ్మీ" అంది.

"సిగ్గెందుకు? నువ్వేమన్న దొంగతనం జేసినవా?"

ఆమె అతనికి అన్నం పెట్టింది.

హోళీకి ముందు హనుమండ్లు తండ్రి చనిపోయాడు. హనుమండ్లు మా బాయిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు నెట్టేవాడు. మా లైనులో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరింట్లో చావు జరిగినా, ప్రతి ఇంటి నుంచి ఒక మగవాడు పాడెకు భుజం పట్టాలి. మేము వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం. మోయడానికి అక్కడ మాకు పాలివాళ్లు లేరు. అందుకని ఆ కట్టుబాటు. పాడె లైను చివరి దాకా వెళ్లే లోపల మనుషులు మారుతూ ఉంటారు. ఒక ఇంటి వంతు తప్పితే చాలా ఏళ్లు చెప్పుకుంటారు.

నేను నల్లా దగ్గర, దూరంగా నిలబడ్డాను. అంతయ్య తన వంతు మోశాడు. భుజం మార్చుకోవడానికి ఇంకొకతను వస్తే కదలలేదు.

"ఇది మా బావ వంతు" అన్నాడు.

వచ్చినతను పక్కకు తప్పుకున్నాడు. అంతయ్య మరికొంత దూరం మోశాడు. వాగులో స్నానం చేసి తిరిగి వచ్చేటప్పుడు, తడి బట్టలతో నా ముందు ఆగాడు. నన్ను తాకకుండా దూరంగానే నిలబడి, "నీ వంతు నేను మోసిన బావా. అక్కకు చెప్పు, ఫికర్ చెయ్యద్దని" అన్నాడు.

ఉగాది తర్వాత ఎండలు ముదిరాయి. బాయి లోపల చల్లగా ఉండేది. సద్ది తినేటప్పుడు అందరం ఒకచోట చేరేవాళ్లం. ఒకరోజు తినడం అయ్యాక అంతయ్య తన నీళ్ల డబ్బాకు తువ్వాల చుట్టాడు.

"సర్దార్, బిడ్డ పుట్టినంక ఎట్ల పడుతవు?"

"ఎట్ల పడతరు? చేతులతోని."

"ఇగో, ఇది బిడ్డ. పట్టు."

నేను రెండు వైపులా పట్టుకుని లేపాను.

"అయిపాయె" అన్నాడు కొమురెల్లి. "సర్దార్, తల రాలి కింద పడ్డది. దీపం పెట్టి ఎతుకు."

అంతా నవ్వారు. అంతయ్య నా దగ్గరికి జరిగాడు. నా ఎడమచెయ్యి పట్టుకుని డబ్బా పైభాగం కింద పెట్టాడు. వేళ్లు ఒక్కొక్కటిగా విప్పాడు.

"పసిపోరలకు మెడ నిలువది. మూన్నెల్లదాక తల వాళ్లది కాదు, పట్టుకున్నోనిది. ఎడమచెయ్యి మెడ కింద. వేళ్లు గిట్ల తెరిచి ఉంచు. ఒత్తద్దు. వీపు కింద గీ చెయ్యి. ఇప్పుడు లేపు."

లేపాను.

"నడువు."

దీపాల వెలుతురులో అటూ ఇటూ నడిచాను. డబ్బాలో నీళ్లు కదిలాయి.

"ఉచ్చ పోసింది సర్దార్" అన్నాడు కొమురెల్లి.

మిగతావాళ్లు పనికి లేచారు. నేను డబ్బా తిరిగి ఇచ్చాను.

"అంతయ్యా, వానికి ఇరవై ఏండ్లు అచ్చేసరికి నాకు అరవై ఏడు" అన్నాను.

అతను తువ్వాల విప్పి తలకు చుట్టుకున్నాడు.

"అయితే ఏంది? అప్పటికి నీకు గూడ మెడ నిలువది. నువ్వు వాన్ని పట్టినట్టు వాడు నిన్ను పడతడు."

అంతయ్యకు గొంతు పెద్దది. దానికి బాయిలో ఒక పని ఉండేది. లోపల ఎవరికైనా దెబ్బ తగిలి స్ట్రెచర్ మీద పైకి తెచ్చేటప్పుడు, ఒకరు పేరు పెట్టి పిలుస్తూ పక్కన నడవాలి. ప్రతి మలుపు దగ్గర ఎటు తిరుగుతున్నామో చెప్పాలి. చెప్పకపోతే, స్పృహ లేని మనిషి దారి తెలియక లోపలే ఉండిపోతాడని మావాళ్ల నమ్మకం. బతికి ఉన్నాడా లేదా అన్నది లోపల ఎవరూ మాట్లాడరు. అది పైన డాక్టరు చెప్పాలి. అంతకు ముందు ఏడాది ఒకతని కాలు టబ్బు కింద నలిగింది. అతన్ని తెచ్చేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా అంతయ్యే పిలిచాడు. కాలు తీసేశారు. మనిషి బతికాడు.

వైశాఖంలో శంకరవ్వ నా అంగీలు ఉతకడం మానేసింది. బాయి నుంచి వచ్చి విడిస్తే దండెం మీద వేసేది కాదు, తన తల దగ్గర పెట్టుకునేది. బొగ్గు వాసన మంచిగుంది అనేది. ఒక సాయంత్రం నా తల పట్టుకుని తన కడుపుకు ఆనించింది.

"కప్పు కొట్టి వింటవు గద. ఇది విని చెప్పు."

విన్నాను. ఏదో కొట్టుకుంటోంది.

"ఎట్లున్నది?"

"గట్టిగున్నది" అన్నాను.

మరునాడు ఈ సంగతి అంతయ్యకు చెప్పాను. "కర్రతోని కొట్టి చూడలే గద?" అని అడిగాడు.

రోహిణి కార్తెలో ఒక మంగళవారం, మొదటి షిఫ్టులో, అంతయ్య మీద బండ పడింది.

ఆ చోటును ఆ పొద్దున నేనే కొట్టి చూశాను. గట్టిగా పలికింది. తర్వాత విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరు కూడా దాని పక్కనున్న కప్పును కొట్టి చూశాడు. అది కూడా గట్టిగానే పలికింది. కొన్ని బండలకు పైన, కంటికి కనపడని నున్నటి పగులు ఉంటుంది. అవి చప్పుడులో చెప్పవు, ఒక్కసారిగా జారతాయి. అంతయ్య దుంగ నిలబెట్టి, దాని తలకు చీల బిగిస్తున్నాడు. దుంగ నిలబడే ఉంది. బండ దాని పక్క నుంచి జారింది.

నేను వెళ్లేసరికి కొమురెల్లి, హనుమండ్లు, ఇంకా ఇద్దరు కలిసి బండను పక్కకు దొర్లించారు. అంతయ్య వెల్లకిలా ఉన్నాడు. తల ఒక పక్కకు ఒరిగింది. రక్తం ఎక్కువ లేదు. కప్పులో నుంచి ఇంకా మట్టి రాలుతోంది.

స్ట్రెచర్ తెచ్చారు. నేను ముందుకు వంగాను. కొమురెల్లి నా రొమ్ముకు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతికి అంతయ్య రక్తం ఉంది. నా అంగీకి తగలకుండా వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"సర్దార్, నువ్వు ముట్టకు. దీపం పట్టుకోని ముందు నడువు. మేం తెస్తం."

"ఎందుకు?"

"ఇంట్ల అక్క ఉన్నది గద" అన్నాడు.

అతను జోకు వేయకుండా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

స్ట్రెచర్‌కు నాలుగు మూలలు. అక్కడ నలుగురు ఉన్నారు. మెడకు దెబ్బ తగిలిన మనిషిని కదిలించేటప్పుడు తల ఊగకుండా ఒకరు పట్టుకునే నడవాలి. సర్దార్ పరీక్షకు ముందు మాకు ఇది నేర్పిస్తారు. ఇంకో మనిషి కోసం పైకి కబురు పంపితే ఆలస్యమవుతుంది. కప్పు ఆగేలా లేదు.

నేను దీపం హనుమండ్లు నడుముకు తగిలించాను. మోకాళ్ల మీద కూర్చుని అంతయ్య గొంతు పక్కన వేళ్లు పెట్టాను. నాడి కోసం వెతికాను. నా వేళ్లు కొట్టుకోవడం తప్ప నాకు ఏమీ తెలియలేదు.

"ఉన్నడా?" అన్నాడు కొమురెల్లి.

"మెడ కదలద్దు" అన్నాను. "లేపుండ్రి."

ఎడమచెయ్యి అతని మెడ కింద పెట్టి వేళ్లు తెరిచాను. కుడిచెయ్యి తల పక్కన పెట్టాను. నలుగురూ లేపారు. నడిచాం.

మొదటి మలుపు వచ్చింది. నలుగురూ ఆగారు. ఎప్పుడూ పిలిచే మనిషి స్ట్రెచర్ మీద ఉన్నాడు. కొమురెల్లి నా వైపు చూశాడు.

"అంతయ్యా" అన్నాను. నా గొంతు వాళ్లకు కూడా వినిపించి ఉండదు. మళ్లీ పిలిచాను. "అంతయ్యా, మలుపు అచ్చింది. కుడిదిక్కు తిరుగుతున్నం. ఎంట రా."

తిరిగాం. తర్వాత మలుపు దగ్గర ఎడమకు అని చెప్పాను. టబ్బులు ఆగే చోట పట్టాలు దాటుతున్నామని చెప్పాను. ఎదురుగా వస్తున్నవాళ్లు గోడకు ఒదిగి తలల మీది తువ్వాలలు తీశారు. ఎత్తు మొదలైన దగ్గర నుంచి నా వీపు వంగే ఉంది. చెయ్యి మార్చుకోలేదు. పైన వెలుతురు కనపడినప్పుడు, "బామ్మర్దీ, ఎలుగు కనపడుతున్నది" అన్నాను. బాయి లోపల అతన్ని ఆ వరసతో నేను ఎప్పుడూ పిలవలేదు.

పైన డాక్టరు చూశాడు. కనురెప్పలు ఎత్తి చూశాడు, గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు. అంతయ్య చనిపోయాడని చెప్పాడు. ఎప్పుడు పోయాడని హనుమండ్లు అడిగాడు. అది చెప్పలేనన్నాడు.

నేను ఇంటికి వచ్చేసరికి శంకరవ్వకు తెలిసింది. వాకిట్లో బకెట్లో నీళ్లు పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది. నేను వాకిలి బయటే ఆగిపోయాను.

"నువ్వు పట్టినవా?"

"పట్టిన."

"ఏడ?"

"మెడ కింద."

"పానం ఏడ పోయిందట?"

"డాక్టరు పైన చూసి చెప్పిండు. లోపలనా పైననా ఎవలకు తెల్వది."

ఆమె కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత బకెట్‌ను కాలితో నా వైపు జరిపింది.

"తానం చెయ్యి."

స్నానం చేశాను. వేరే ధోతి కట్టుకున్నాను. లైను ఆ చివర నుంచి ఏడుపులు వినిపిస్తున్నాయి. డప్పులవాళ్లు వచ్చారు.

"ఎప్పుడు లేపుతరట?" అని అడిగింది.

"పొద్దుగూకక ముందే."

"అందరు అచ్చిండ్రా?"

"అచ్చిండ్రు."

"మన ఇంటి వంతు ఎవలు మోస్తరు?"

హోళీ ముందు మా వంతు మోసింది ఎవరో ఆమెకు తెలుసు.

శంకరవ్వ దండెం మీది తువ్వాల తీసింది. దాన్ని నాలుగు మడతలు వేసింది. నా ముందుకు వచ్చి, పాడె కర్ర ఒరుసుకోకుండా పెట్టుకునేలా, నా కుడి భుజం మీద పెట్టింది.

"పో" అంది.

అంతయ్య పాడెను లైను మొదటి నుంచి వాగు దాకా మోశాను. భుజం మార్చుకోవడానికి ఇద్దరు ముగ్గురు వచ్చారు. కొమురెల్లి వాళ్లను వెనక్కి పంపాడు.

మరునాడు నేను పనికి వెళ్లలేదు. శంకరవ్వ గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నేను పక్కన కూర్చున్నాను. ఎదురింటి నాగవ్వ నల్లా నుంచి నీళ్లు తెస్తూ ఆగింది.

"శంకరవ్వా, మీ ఆయన పాడె పట్టిండటగద?"

"నేనే పట్టుమన్న."

"ఇన్నేండ్లకు ఒక కాయ కాసింది. గీ మొండితనం ఎందుకే? కడుపుల ఉన్నదాని సంగతేంది?"

"పోయినాయన దానికి మేనమామ."

నాగవ్వ బిందె భుజం మార్చుకుని వెళ్లిపోయింది. శంకరవ్వ చాటను పక్కన పెట్టింది.

"కదులుతలేదు" అంది.

"ఎప్పటిసంది?"

"నిన్న నువ్వు అటు పోయినప్పటిసంది."

మేము లోపలికి వెళ్లాం. ఆమె పడుకుంది. నేను కడుపుకు చెవి ఆనించాను. ఆమె ఊపిరి వినిపించింది. ఆమె పేగుల చప్పుడు వినిపించింది. ఎట్లున్నదని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. మంచిర్యాల బండికి ఇంకా సమయం ఉంది. వెళ్దామా అన్నాను. జెర ఆగుమంది. నా అంగీ మొహం మీద కప్పుకుని గోడ వైపు తిరిగింది.

రెండో షిఫ్టువాళ్లు పనికి పోతున్న అడుగులు వినిపించాయి. ఆ తర్వాత చాలాసేపు లైనులో చప్పుడు లేదు. ఎండ గడప దాటి బయటికి పోయింది. శంకరవ్వ తిరగకుండానే చెయ్యి వెనక్కి చాపి నా చెయ్యి వెతికి పట్టుకుంది. తన పక్కటెముకల కింద పెట్టుకుంది. లోపల నుంచి ఒక దెబ్బ తగిలింది. కొంచెం ఆగి ఇంకొకటి తగిలింది.

"ఆకలైతుంది" అంది.

లేచి అన్నం వండింది.

కాన్పుకు మంచిర్యాల వెళ్లాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. మిరుగం వచ్చిన వారంలో బయలుదేరాలనుకున్నాం. బట్టలు మూట కట్టి పెట్టింది. దానికి ముందే ఒక తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. పొద్దుటి బండి వెళ్లిపోయింది. తర్వాతది సాయంత్రం. పక్క ఊరి నుంచి మంత్రసాని సత్తవ్వను పిలుచుకొచ్చాను. ఆమె లోపలికి వెళ్లి చూసి బయటికి వచ్చింది.

"మొదటి కాన్పు, గీ వయసుల. జెర కష్టమే. వెనుక కూసోని నడుం పట్టేటందుకు ఒక మనిషి కావాలె. బలమున్నదాన్ని పిలువు."

"లింగవ్వను పిలువు" అని లోపల నుంచి శంకరవ్వ అంది.

సత్తవ్వ చెంపలు వేసుకుంది. "ముండమోసి ఇంక నెల తిరుగలే. పురుడు కాడికి గామెనా?"

"లింగవ్వను పిలువు" అని శంకరవ్వ మళ్లీ నాకే చెప్పింది.

లింగవ్వ తన ఇంటి ముందు కూర్చుని ఉంది. చేతులకు గాజులు లేవు. పదో రోజు తీసేశారు. నేను చెప్పింది విని తల అడ్డంగా ఊపింది.

"నేను రావద్దు, అన్నా. మంచి జరిగే కాడ నా మొకం ఎందుకు? వదినె నొప్పులల్ల ఏదో అంటున్నది."

తిరిగి వచ్చి వాకిట్లో నిలబడి ఆ మాట చెప్పాను. లోపల కొంతసేపు మూలుగు తప్ప ఏమీ వినపడలేదు. అది తగ్గాక శంకరవ్వ మాట్లాడింది.

"తమ్ముడు నీకు బిడ్డను పట్టుడు నేర్పిండు గద. సరిగ్గ నేర్పిండో లేదో చూసేటందుకన్న రమ్మన్ననని చెప్పు."

మళ్లీ వెళ్లి ఆ మాట అట్లాగే చెప్పాను. లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచింది. కాళ్లు కడుక్కుంది. నాకంటే ముందే మా ఇంట్లోకి వెళ్లింది. సత్తవ్వ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

నేను వాకిట్లో ఉన్నాను. కొమురెల్లి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బీడీ ఇచ్చాడు, నేను ముట్టించలేదు. మొదటి షిఫ్టు దిగే కూత వినిపించింది. మబ్బు పట్టింది కాని వాన రాలేదు.

శంకరవ్వ అరిచింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. బిడ్డ ఏడుపు కోసం చూశాను. రాలేదు.

"ఊదు" అంటోంది సత్తవ్వ. "ఊదు. వీపు రుద్దు."

రుద్దుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత లింగవ్వ గొంతు వినిపించింది. తన భర్తది ఎంత పెద్దదో ఆమె గొంతు కూడా అంతే పెద్దదని నాకు అంతవరకూ తెలియదు.

"రా బిడ్డా. అచ్చినవు. బయటికి అచ్చినవు. ఇగో, ఎలుగు. రా. ఎంట రా."

కొమురెల్లి తల మీది తువ్వాల తీశాడు.

"రా బిడ్డా. ఇటు. ఇటు రా."

అప్పుడు ఏడుపు వినిపించింది. మొదట ఒకసారి తెగింది. మళ్లీ మొదలై ఆగలేదు. కొమురెల్లి లేచి ట్యాంకు వైపు నడిచాడు, మొహం కడుక్కోవడానికి.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. లింగవ్వ బిడ్డను నా పాత ధోతిలో చుట్టి తెచ్చింది.

"ఆడపిల్ల" అంది. "వదినె మంచిగున్నది. నీళ్లడిగింది."

నేను చేతులు చాపాను. లింగవ్వ నా మొహం చూడలేదు. బిడ్డ మొహం చూడలేదు. నా చేతులను చూస్తూ వంగింది.

"అన్నా, మెడ—" అంది.

నా ఎడమచెయ్యి అప్పటికే అక్కడ ఉంది. వేళ్లు తెరిచే ఉన్నాయి. లింగవ్వ తన చేతులు తీసేసింది.